ఆయ్ అన్న పాపానికి

“మీరేంటండీ, ఏమీ అడగరూ? ఇందాకట్నుంచీ ఊ కొడుతున్నారు, టీ చల్లారబెట్టుకుంటున్నారు. వచ్చినోళ్లందరూ గుమ్మంలో చెప్పులు ఇడవకుండానే అడిగేసేవోరు. బండి నెంబరు చూసేవా పాపాయమ్మా, డ్రైవరు మొహం చూసేవా పాపాయమ్మా అని. మీరు చూస్తే రొయ్య తలకాయ ఎలా తీస్తావని అడుగుతారు!”

పాపాయి నవ్వడం నేను చూసింది అదే మొదలు. నవ్వు పూర్తిగా రాకముందే చీర చెంగు నోటికి అడ్డం పెట్టేసుకుంది, ఎవరైనా చూస్తారేమో అన్నట్టు.

నేను నిజంగా రొయ్య తలకాయల గురించే అడగడానికి వెళ్లాను. భీమవరం చుట్టుపక్కల రొయ్యల షెడ్లలో పనిచేసే ఆడవాళ్లు తమ బతుకుల గురించి చెబుతుంటే విని రాయడం నాకు కొన్నేళ్లుగా అలవాటు. ఒకరు నేర్పిన పని కాదు, వినగా వినగా వచ్చింది. పాపాయి కూతురు వినీల రెండేళ్ల కిందట రోడ్డు మీద పోయిందనీ, ఆ సంగతి ఎత్తవద్దనీ ఊళ్లోకి రాగానే చెప్పారు. అందుకని ఎత్తలేదు. ఎత్తకపోవడమే ఆమెకు వింతగా తోచింది.

“తలకాయ తియ్యడానికేముందండి. ఇలా పట్టుకుని, బొటనేలు మెడ కిందకి తోసి, ఓ మెలిక. వచ్చేద్ది. కష్టం రొయ్యతో కాదండి, ఐసుతో. పొద్దున్నే ఐసులో చెయ్యి పెడితే సాయంత్రానికి ఆ చెయ్యి మనది కాదు. మా జ్ఞానమ్మని చూడ్డానికొచ్చిన పెళ్లికొడుకు సరదాకి చెయ్యి పట్టుకున్నాడంట. అమ్మో, ఈవిడకి ప్రాణం ఉందా అని వదిలేశాడంట. అదే చెప్పుకుని నవ్వుద్ది.”

జ్ఞానమ్మది పక్కిల్లు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర పని చేసేవారు. వినీల పోయాక పాపాయి షెడ్డు మానేసింది. ఇప్పుడు ఇంట్లోనే నాలుగు మేకల్ని పెట్టుకుని వాటి వెంట తిరుగుతోంది. చేతులు మాత్రం మారలేదు. గోళ్ల పక్కన రొయ్య కొమ్ములు గుచ్చుకున్న చోటల్లా తోలు గట్టిపడి తెల్లగా ఉంది.

మొగల్తూరు వైపు పుట్టి, పెళ్లయి ఈ ఊరు వచ్చింది. భర్త పచ్చకామెర్లతో పోయేనాటికి వినీలకి ఇంకా నడక రాలేదు. అన్న లాజరు వచ్చి, చెల్లెల్ని ఒంటరిగా ఉంచలేక, ఇదే వీధిలో ఇల్లు వేసుకున్నాడు. లాజరు కొడుకు శ్యాంబాబు అప్పటికి బళ్లో చేరే వయసువాడు. పొద్దున వాళ్ల అమ్మ చేతి చద్దన్నం తిని, మళ్లీ మేనత్త ఇంటికి వచ్చి, తినలేదని చెప్పి తినేవాడు.

“దొంగెదవ,” అంది పాపాయి. ఆ తిట్టులో ఎంత ముద్దు ఉందో రాతలో చూపించడం నా వల్ల కాదు. “మూతికి మజ్జిగ అంటుకునే ఉండేదండి. తినలేదత్తా అనేవోడు. నేను పెట్టేదాన్ని. తెలీక కాదు, వాడు అత్తా అన్నాక ఎలా పెట్టకుండా ఉంటాం?”

పెద్దయ్యాక శ్యాంబాబు ఐస్ బండి డ్రైవరయ్యాడు. ఈ ప్రాంతంలో ఐస్ బండి అంటే పిల్లలు పుల్ల ఐసు కొనుక్కునేది కాదు. ఫ్యాక్టరీలో ఆడించిన ఐసును చెరువుల దగ్గరకీ షెడ్లకీ చేరవేసే వ్యాను. చీకటితోనే బయలుదేరుతుంది. రోడ్డు పొడవునా నీళ్లు కార్చుకుంటూ పోతుంది. షెడ్డు బస్సెక్కడానికి నడిచివెళ్లే ఆడవాళ్ల పక్కనుంచి పోయేటప్పుడు శ్యాంబాబు ఒక ఐసు ముక్క తీసి వినీల మీదకి విసిరేవాడు. ఆ పిల్ల రాయి తీసుకుని వెంటపడేది.

“వాడికే ఇద్దామనుకున్నామండి. మా అన్నకీ ఇష్టమే. అది మాత్రం ఒప్పుకున్నట్టు కనబడేది కాదు. ఐసు బండోడిని చేసుకుంటే కాపురం కరిగిపోద్దే అమ్మా అనేది. అంటానే వాడి ఫోటో ఫోన్లో దాచుకుంది. నేను చూసేశాను. చూసినట్టు చెప్పలేదు.”

పెరట్లో మేక ఒకటి తాడు చుట్టుకుని అరుస్తుంటే లేచి వెళ్లి విప్పి వచ్చింది. వచ్చి కూర్చుని, నేను అడగకుండానే మొదలుపెట్టింది.

“రెండేళ్ల కిందటండి. క్రిస్మస్ వెళ్లిపోయాక, మంచు బాగా కురిసే రోజులు. తెల్లారగట్ల నేనూ వినీలా షెడ్డు బస్సు కోసం చెరువుల రోడ్డున నడిచి వెళ్తున్నాం. ఆ సమయమందు వెనకనుంచి ఐస్ బండి అతివేగముగానూ అజాగ్రత్తగానూ వచ్చి మా అమ్మాయిని గుద్దేసింది. ఆపకుండా వెళ్లిపోయింది. మా అమ్మాయి అమ్మా అని కేకేసి ప్రాణం వదిలేసింది. బండి మా మేనల్లుడు శ్యాంబాబుది. వాడే నడుపుతున్నాడు.”

అప్పజెప్పినట్టుగా చెప్పింది. అంతవరకూ మేకల గురించి, మజ్జిగ మూతి గురించి చెప్పిన మనిషి గొంతు కాదు అది. అతివేగముగానూ అజాగ్రత్తగానూ అన్న మాటలు పాపాయి నోట్లో ఎవరో పెట్టిన గులకరాళ్లలా ఉన్నాయి.

“ఈ మాటలు ఎక్కడివండి?” అన్నాను.

“రాసిందాంట్లో ఉన్నాయండి. స్టేషన్లో చదివి వినిపించారు. తర్వాత లాయరుగారూ చదివారు. మా అన్నా చదివించుకున్నాడు. ఎన్నిసార్లు విన్నానో.”

“రాయకముందు మీరేం చెప్పారు?”

ఆ ప్రశ్న ఆమెను ఇంతవరకూ ఎవరూ అడగలేదట. తలుచుకుంటూ చెప్పింది.

“నీళ్లు కారుతున్న బండి అన్నానండి. అంతే అన్నాను. స్టేషన్లో రాసుకునే ఆయన మన వైపు మనిషి కాదు, పై జిల్లా నుంచి బదిలీ మీద వచ్చాడు. మంచోడేనండి. నాకు టీ తెప్పించాడు. ఏడువమ్మా, ఏడ్చాకే చెప్పు అన్నాడు. నీళ్లు కారుతుందంటే ఐస్ బండేగా అన్నాడు. ఆయ్ అన్నాను. ఆ టైముకి ఆ రోడ్డున వచ్చే ఐస్ బండి ఎవరిది అన్నాడు. మా శ్యాంబాబుదండి అన్నాను. అయితే శ్యాంబాబే నడుపుతున్నాడా అన్నాడు. ఆయ్ అన్నాను. మొహం చూశావా అన్నాడు. ఆయ్ అన్నాను.”

గోదావరి గడ్డ మీద పుట్టినవాళ్లకి ఆయ్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. అవును అనడానికీ ఆయే, వింటున్నాను చెప్పండి అనడానికీ ఆయే, పెద్దవాళ్ల మాట మధ్యలో ఖాళీ ఉంటే మర్యాద తప్పకుండా పూడ్చడానికీ ఆయే. ఇక్కడి మనిషి అయితే ఏ ఆయ్ ఏదో గొంతును బట్టి పోల్చుకునేవాడు. స్టేషన్లో ఆయన మూడింటినీ అవునని రాశాడు.

“మీరు అవునని అన్నారా, వింటున్నానని అన్నారా?”

“అదేనండి తెలీదు,” అంది పాపాయి. “అప్పుడు ఏమని అన్నానో నాకే తెలీదు. పిల్లని అక్కడ ఆస్పత్రి గదిలో పెట్టేశారు. ఈయన అడుగుతున్నాడు. నేను ఆయ్ అంటున్నాను. రాసింది చదివి వినిపించాక మాత్రం నాకు కళ్లకి కట్టినట్టు కనబడిందండి. శ్యాంబాబు, స్టీరింగు, అన్నీ. ఇప్పుడూ కనబడుద్ది. పడుకుంటే కనబడుద్ది.”

శ్యాంబాబును అదే రోజు పట్టుకున్నారు. బండి ముందు సొట్ట ఉంది. ఆ సొట్ట ఐస్ ఫ్యాక్టరీ గేటుకు తగిలి పడిందని వీధి వీధంతటికీ తెలుసు, కానీ అడిగినవాళ్లు లేరు. తాను ఆ రోడ్డునే వచ్చాననీ, మంచులో దారి సరిగా కనబడలేదనీ, కునికిపాటు వచ్చిందనీ వాడే చెప్పాడు. ఎక్కడో ఒక దగ్గర టైరు ఎగిరిపడినట్టు కూడా అనిపించిందన్నాడు. గుంటలు లేని చోటు ఆ రోడ్డు మీద వెతికినా దొరకదు. అయినా మొదట్లో వాడు నేను కాదన్నాడు. చూసింది మీ అత్తేనని చెప్పాక ఆ మాట మానేశాడు.

“అత్త అబద్ధం ఆడదు, అయితే నేనే గుద్దుంటాను అన్నాడంటండి. మా అన్న చెప్పాడు. నా మాట మీద నమ్మకం, చూశారా. నేను వాడిని నమ్మలేదు, వాడు నన్ను నమ్మాడు.”

బెయిలు వచ్చాక శ్యాంబాబు ఊళ్లో ఉండలేదు. నరసాపురం అవతల ఎవరిదో చెరువుకు కాపలా ఉంటున్నాడు. బండి తాళం మళ్లీ ముట్టుకోలేదు. ఫోను చేస్తే ఎత్తడు. తొందర్లో వాయిదా ఉంది. ఆ వాయిదాకి కోర్టులో తప్పు ఒప్పేసుకుంటానని తండ్రితో చెప్పాడు. లాయరు వద్దన్నాడు, తండ్రి వాడి కాళ్లు పట్టుకున్నాడు. వాడు వినడం లేదు.

ఇదంతా చెప్పి పాపాయి నన్ను సూటిగా అడిగింది. “ఇందాక మీరు నన్నడిగినట్టు ఎవరూ అడగలేదండి. అడిగేసరికి నాకే అనుమానం వచ్చింది. చూసింది ఎంత, ఆయన రాసింది ఎంత, నేను తర్వాత కలుపుకుంది ఎంత? విడదీసే దారేమన్నా ఉందా? ఉంటే వాయిదా లోపల విడదియ్యాలి.”

నేను వెంటనే సరేననలేదు. అడిగేవాడి మాట చెప్పేవాడి జ్ఞాపకంలోకి ఎంత సులువుగా జారిపోతుందో వినే పనిలో పడ్డాక నాకు తెలిసొచ్చింది. ఒక ముసలావిడ పెళ్లి కబుర్లు చెబుతుంటే, ఎడ్లబండి మీద వచ్చారా అని నేను ఊరికే అన్నాను. మరుసటిసారి ఆవిడ కథలో ఎడ్లబండి వచ్చేసింది, ఎడ్లకి పేర్లతో సహా. ఆ పెళ్లివారు పడవలో వచ్చారని తరువాత వాళ్ల చెల్లెలు చెప్పింది. అప్పుడు భయపడి, దీని మీద చదువుకున్నవాళ్లు ఏమన్నారో వెతుక్కుని చదివాను. ప్రమాదాలు, దొంగతనాలు కళ్లారా చూసినవాళ్లని ఎలా అడిగితే ఎక్కువ గుర్తొస్తుందో, తప్పులు తగ్గుతాయో వాళ్లు ఏళ్ల తరబడి పరీక్షించి చూశారు. మనిషిని ముందు మనసులో ఆ చోటికి వెళ్లనివ్వాలట. అక్కడి చలి, వాసన, చప్పుడు, అప్పటి మనసులోని కోపం కూడా. పనికిరాదనిపించినది కూడా చెప్పమనాలి. మధ్యలో అడ్డు తగలకూడదు. ఒకసారి అయ్యాక చివరి నుంచి వెనక్కి చెప్పమనాలి, ఎందుకంటే అలవాటైన కథ ముందుకే నడుస్తుంది, వెనక్కి నడవలేక ఆగిపోతుంది. ప్రశ్నలో జవాబు పెట్టకూడదు. తెలియదు అంటే అదీ జవాబే.

ఇది పాపాయికి చెప్పాను. ఇంకొకటి కూడా చెప్పాను. ఇదేం మంత్రం కాదనీ, రెండేళ్లు గడిచిపోయాయనీ, ఏమీ రాకపోవచ్చనీ, వచ్చింది కూడా అంతా నిజమేనని ఒట్టు పెట్టలేననీ. శ్యాంబాబు కాకూడదని మనసులో ఉంటే జ్ఞాపకం అటే ఒరుగుతుందనీ.

“వాడు కాకూడదనే ఉందండి నాకు. దాచడం ఎందుకు,” అంది. “కానీ వాడే అయితే వాడే అని తెలియాలి కూడా. ఎటూ కాకుండా ఎన్నాళ్లండి ఇలా?”

వారం పోయాక మళ్లీ వెళ్లాను. జ్ఞానమ్మ ముందే వచ్చి గుమ్మంలో పీట వేసుకుని కూర్చుని ఉంది. ఇద్దరు కలిసి చెబితే ఒకరిది ఒకరికి అంటుకుంటుందని, కాసేపు బయట ఉండమని బతిమాలుకున్నాను.

“నేనేమన్నా బయటదాన్నా అండి? ఆస్పత్రిలో దీన్ని పట్టుకుని కూర్చుంది నేనే. అది మర్చిపోయింది నేను చెప్తాను కదా!”

“అందుకేనే వద్దనేది,” అంది పాపాయి. “నువ్వెళ్లి మేకలకి కుడితి పెట్టు. పెట్టి అక్కడే ఉండు. తలుపు సందులోంచి వినకు.”

“వినడానికి నాకేం పని లేదనుకున్నావా? నీ మేకల కన్నా నువ్వే మొండి,” అని గొణుక్కుంటూ జ్ఞానమ్మ పెరట్లోకి వెళ్లింది.

“కళ్లు మూసుకోవాలాండి? ప్రార్థనకి మూసుకున్నట్టు?”

“మూసుకోవాలనిపిస్తేనే.”

మూసుకుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. మొదట గట్టు గురించి చెప్పింది. కాళ్ల కింద గడ్డి తడిగా ఉందంది. చెరువుల్లో నీళ్లు చిలికే ఫ్యాన్లు తిరుగుతున్నాయంది. మేత వాసన కొడుతోందంది, తల తిప్పేంత. వినీల ఎడమ చెప్పు పట్టీ తెగింది. ఈడ్చుకుంటూ నడుస్తోంది.

“పిన్నీసుందా అంటందండి. నాకు కోపంగా ఉంది. రాత్రి చెప్పాను కదా, కొత్త చెప్పులు తీసుకోవే అని. పండక్కి దాచుకుంటానంది. పిన్నీసుందా అంటంది మళ్లీ. లేదు, నడువు, బస్సు పోద్ది అన్నాను. అది వంగింది. పట్టీ సరిచేసుకోడానికి వంగింది. నేను ముందుకు నడిచేశాను.”

ఇవేవీ మొన్న చెప్పినదాంట్లో లేవు. రాసినదాంట్లో అసలే లేవు. ఆ తరువాత బండి వచ్చిందంది, గుద్దిందంది, తాను వెనక్కి తిరిగి పడ్డానంది, కూతురు అమ్మా అందంది. అక్కడికి వచ్చేసరికి గొంతు మళ్లీ అప్పజెప్పే గొంతయింది.

నేను మెల్లగా అన్నాను. “ఇప్పుడు ఆస్పత్రి నుంచి వెనక్కి రండి. తొందరేం లేదు.”

“ఆస్పత్రి వరండా. బల్ల మీద కూర్చున్నాను. నా చీరంతా తడి. జ్ఞానమ్మ నన్ను పట్టుకుంది. దాని చెయ్యి చల్లగా ఉంది. అంటంది... అమ్మా అనే పోయుంటాదే పిచ్చిదానా, అమ్మని తలుచుకోకుండా ఏ పిల్ల పోద్దే అంటంది.” ఆగింది. “దానికి ముందు ఆటో. ఆటోలో నా ఒళ్లో ఉంది. దానికి ముందు రోడ్డు. నేను పాకుతా వెళ్లాను. తల ఎత్తి పట్టుకున్నాను. మొహం చూస్తున్నాను. నోరు...”

పెరట్లో జ్ఞానమ్మ మేకల్ని తిడుతున్న గొంతు వినబడుతోంది. పాపాయి పెదవులు కదిలాయి, కూతురి పెదవుల్ని తన మొహం మీద వెతుక్కుంటున్నట్టు.

“కదల్లేదండి. నోరు కదల్లేదు. నేను వెళ్లేసరికే లేదు అది. అమ్మా అనలేదండి. జ్ఞానమ్మ అన్నదాన్ని నేను దాని నోట్లో పెట్టుకున్నాను.”

కళ్లు తెరవలేదు. నీళ్లు మాత్రం రెప్పల కిందనుంచి వచ్చేస్తున్నాయి. రెండేళ్లుగా ఆమె దగ్గర మిగిలింది ఆ ఒక్క మాట. ప్రతి ఆదివారం గుళ్లో ఆ మాటే తలుచుకుని లేచి నిలబడేదాన్నని మొన్ననే చెప్పింది. నాకు ఆ క్షణంలో ఈ పద్ధతి మీద, చదివినదాని మీద, నా మీద అసహ్యం వేసింది.

“ఇక్కడితో ఆపేద్దామండి,” అన్నాను.

“ఆపితే ఆ పిల్లోడు అక్కడే ఉండిపోతాడు కదండి,” అంది. చెంగుతో మొహం తుడుచుకుంది. “దానికి ముందు అడగండి.”

“దానికి ముందు ఏముంటే అది చెప్పండి.”

“బండి పోతంది. నేను కింద పడున్నాను. వెనకభాగం కనబడతంది. నీళ్లు కారతన్నాయి. ఒక చప్పుడు. తపతపా తపతపా. ఫ్యాన్లు కాదండి. ఫ్యాన్ల చప్పుడు ఒక్కచోటే నిలబడుంటాది. ఇది నడుస్తా పోతంది, బండితో. వెనకాల మనిషున్నాడు. నిలబడున్నాడు, నడుం దాకా కనబడతన్నాడు. చేతులు కిందకీ పైకీ, కిందకీ పైకీ. నా వంకే చూస్తన్నాడు. చూస్తానే చేతులు ఆడిస్తన్నాడు. ఆపట్లేదు.”

కళ్లు తెరిచింది. నన్ను చూసిందో లేదో తెలియదు.

“ఐసు మీద మనిషి నిలబడతాడా అండి?”

జవాబు నాలికమీదకి వచ్చింది. మింగేశాను. “మీరే చెప్పండి.”

“నిలబడడండి. ఐసు మీద పట్టా కప్పి తాళ్లేసి కట్టేస్తారు. మా వాడైతే ఎప్పుడూ ఒక్కడే పోతాడు. మనిషి నిలబడేది చేపపిల్లల బండిలో. నీళ్లలో పిల్లలు చచ్చిపోకుండా దారి పొడుగునా చేతుల్తో నీళ్లు కొడతానే ఉండాలి. ఆపితే పిల్లలు పోతాయి. అందుకే ఆపలేదతను. దానికీ నీళ్లు కారతాయి. నేను కారడం చూసి ఐస్ బండి అనుకున్నాను... కాదు, నేను అనుకోలేదు. నీళ్లు కారే బండి అనే అన్నాను. అనుకున్నది ఆయన. ఆయ్ అన్నది నేను.”

చేపపిల్లల బండి అన్న మాట నా మనసులో కూడా లేదు. అందుకు మాత్రం నాకు కొంచెం ధైర్యం కలిగింది. బండి రంగు అడిగాను, తెలీదంది. డ్రైవరు గురించి అడిగాను.

“తెలీదండి. ముందు వైపు నేను చూడనేలేదు. శ్యాంబాబు మొహం ఇప్పటికీ కనబడతంది, కానీ ఆ మొహం స్టేషన్ గోడ పక్కన కనబడతంది. రోడ్డు మీద కాదు.”

ఇంతకుమించి ఆ రోజు అడగలేదు. జ్ఞానమ్మ లోపలికి వచ్చి, పాపాయి మొహం చూసి, నన్ను ఒక చూపు చూసింది. పాపాయి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఆ చల్లటి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆ రోజు ఆస్పత్రిలో ఏమన్నావో అడగలేదు. ఎప్పటికీ అడగదనుకుంటాను.

మర్నాడు నేనూ పాపాయీ లాజరూ భీమవరంలో శ్యాంబాబు లాయరు దగ్గరకి వెళ్లాం. ఆయన శ్రద్ధగానే విన్నాడు. సాక్ష్యానికి పిలిచినప్పుడు ఇదే చెప్పమన్నాడు. రెండేళ్లయ్యాక మాట మార్చిందని ప్రభుత్వం తరఫువాళ్లు నలిపేస్తారనీ, మేనల్లుడి మీద జాలితో చెబుతోందంటారనీ దాచకుండా చెప్పాడు. చేపపిల్లల బండి ఎవరిదో ఇప్పుడు పట్టుకోవడం కష్టమన్నాడు. “ఇవన్నీ ఆ అబ్బాయి ఒప్పుకోకుండా ఉంటేనేనమ్మా. అతనే నేను చేశానంటే ఇంక మీ మాట ఎవరు అడుగుతారు?”

లాజరు ఆ సాయంత్రమే చెరువు దగ్గరకి వెళ్లి కొడుక్కి అంతా చెప్పాడు. రాత్రికల్లా తిరిగి వచ్చేశాడు. నేను మరునాడు వెళ్లేసరికి పాపాయి గుమ్మంలోనే ఉంది. మేకలు కట్టుకొయ్య దగ్గరే ఉన్నాయి, తోలుకెళ్లలేదు.

“నమ్మలేదండి వాడు. అత్త జాలిపడి చెప్తంది నాన్నా, నన్ను బయట పడెయ్యడానికి కథ అల్లింది అన్నాడంట. ఆవిడ కూతుర్ని చంపినోడిని ఆవిడే కాపాడాలని చూస్తంటే నాకు ఇంకా సిగ్గుగా ఉంది అన్నాడంట. మా అన్న గుమ్మం పట్టుకుని ఏడ్చాడు.”

నేను భుజాన ఉన్న సంచి దించి గుమ్మంలోనే కూర్చున్నాను.

“మా అన్నది తప్పు కాదండి. నాదే. చెప్పి పంపకూడదు. నువ్వు గుద్దావని చెప్తే నమ్మాడు, గుద్దలేదని చెప్తే నమ్మట్లేదు. రెండూ నేను చెప్పినవే కదా. వాడి జ్ఞాపకం వాడి దగ్గర లేదు, నాది పెట్టుకుని తిరుగుతున్నాడు.”

లోపలికి వెళ్లి, పొట్లం కట్టిన మెత్తళ్లు అనే చిన్న ఎండుచేపలు తెచ్చి నా సంచిలో పెట్టింది.

“మీరెళ్లండి. ఈ రోజే వెళ్లండి, వాయిదా దగ్గర పడింది. కానీ చేపపిల్లల బండి మాట ఎత్తకండి. వెనకాల మనిషి మాట ఎత్తకండి. ఆ పొద్దున్న ఫ్యాక్టరీలో ఐసు ఎత్తించుకున్న కాడ్నుంచి చెప్పమనండి. టైరు ఎక్కడ ఎగిరిందో, అక్కడ పక్కన ఏముందో, ఏ పాట పెట్టుకున్నాడో వాడినే చూసుకోనివ్వండి. నన్ను అడిగినట్టే అడగండి. మధ్యలో మాట అందించకండి. నిజంగా వాడే అయితే... అదీ వాడి నోటే రానివ్వండి. నేను తట్టుకుంటాను.”

నేను లేచాను. గేటు దాకా వచ్చింది.

“వెళ్లగానే మొదలెట్టకండి. ముందు అన్నం తిన్నావా అని అడగండి. తినలేదంటే ఈ మెత్తళ్లు వేయించి పెట్టించండి. అదొక్కటే అత్త అడగమందని చెప్పండి. ఇంకేదీ నేను చెప్పాననకండి.”